శీతకాలపు ఉదయమున మోటారు సైకిలు ప్రయాణము

ధనుర్మాసము ప్రవేశించినంతనే మన నాట్రంపల్లి సీమలో ఉదయముల రూపు మారిపోవును. వాకిళ్లలో ముగ్గులు, ముగ్గుల నడుమ గుమ్మడిపూవు తురిమిన గొబ్బెమ్మలు, దేవాలయము నుండి తిరుప్పావై పాటలు, వీని నన్నిటిని కప్పుచు తెల్లని పొగమంచు. ఏలగిరి కొండ ఎక్కడికిని పోలేదు. కాని కంటికి కానరాదు. ఆ మంచులో నుండి మొదట ఒక శబ్దము, తరువాత ఒక దీపము, పిమ్మట ఒక మోటారు సైకిలు, దానిపై ఒక తండ్రి, ఆ తండ్రి ముందు ఒక బిడ్డ. ఈ విధముగ ఒక్కొక్కరే మన పాఠశాల ద్వారము కడకు వచ్చి చేరుచుందురు.

ఈ వ్యాసమును వ్రాయుటకు ఒక చిన్న సంగతి కారణమైనది. ఒక శీతకాలపు ఉదయమున ఒకటవ తరగతి బాలుడొకడు తొలి గంటలో పెన్సిలు పట్టుకొనలేక పోయెను. అక్షరములు వ్రాయుటకు మొరాయించుచున్నాడని మేము మొదట తలచితిమి. చేయి పట్టి చూడగా వ్రేళ్లు మంచుగడ్డలవలె నుండెను. ఎట్లు వచ్చితివని అడుగగా, “నాయన బండి మీద, ముందర కూర్చొని” అని చెప్పెను. సాయంకాలము బిడ్డను తీసికొని పోవుటకు వచ్చిన తండ్రితో ఈ మాట చెప్పితిమి. ఆయన ఆశ్చర్యపడి, “నాకు పెద్దగా చలే తెలియలేదే అయ్యవారూ!” అనెను.

ఆయన అబద్ధమాడలేదు. ఆయనకు నిజముగనే చలి తెలియలేదు. ఎందుచేత తెలియలేదో ఆలోచించినచో ఈ విషయములోని మర్మమంతయు బోధపడును. ఆయనకు తగులవలసిన గాలిని ఆయన ముందు కూర్చున్న ఆరేండ్ల బిడ్డ కాచినాడు. తండ్రికి బిడ్డ తెరయైనాడు.

ఇందులో ఆ తండ్రిని నిందించుటకేమియు లేదు. బిడ్డ కంటి యెదుట నుండిన క్షేమమని ఆయన తలంపు. మనలో అనేకుల తలంపును అదియే. పూర్వము మన ప్రాంతపు బిడ్డలు నడచియో, సైకిలు మీదనో బడికి పోయెడువారు. నడచువానికి ఒడలు వెచ్చబడును. సైకిలు త్రొక్కువానికిని అంతే. మోటారు సైకిలు పైన మాత్రము కదలక కూర్చుండి గాలిని కోసికొనుచు పోవలెను. ఇది మన పెద్దలకు అంతగా అనుభవములేని కొత్త చలి. మన ఊరి ప్రక్కగ పోవు చెన్నై, బెంగుళూరు రహదారికి ఒక కొసన, తిరువొత్తియూరులో, 1955లో ఏర్పడిన ఎన్‌ఫీల్డ్ ఇండియా సంస్థ బుల్లెట్టు మోటారు సైకిళ్లను తయారు చేసెను. అదే దారికి రెండవ వైపున నున్న హోసూరు నుండి 1980లో టీ.వీ.ఎస్. 50 అను ఇద్దరు కూర్చుండదగిన మోపెడ్డు వెలువడెను. ఈ రెంటి నడుమనున్న మన పల్లెలలో నేడు బండి లేని ఇల్లు అరుదు. బండి వచ్చినంత త్వరగ దానిని శీతకాలమున నడుపు పద్ధతి మనకు రాలేదు. ఆ పద్ధతిని, దాని వెనుకనున్న కారణములను, మాకు తెలిసినంతవరకు తలిదండ్రులకు విన్నవింపదలచితిమి.

చలి ఎక్కడ నుండి వచ్చును?

మన శరీరపు లోపలి వేడిమి సుమారు 37 డిగ్రీలు. చుట్టునున్న గాలి అంతకంటె చల్లగ నున్నప్పుడు శరీరము నుండి వేడి బయటికి పోవుచుండును. కాని గాలి కదలక నిలిచియున్నచో చర్మమును అంటుకొని యున్న పలుచని గాలిపొర వెచ్చబడి, మనకు ఒక సన్నని దుప్పటి వలె పనిచేయును. గాలి వీచినప్పుడు ఆ దుప్పటి ఎగిరిపోవును. దాని స్థానమున కొత్తగ చల్లని గాలి వచ్చి చేరును. అది వెచ్చబడులోపల అదియును పోవును. ఇట్లు క్షణక్షణము మన ఒంటి వేడి దోచుకొనబడును. గాలి ఎట్లు వీచినను ఫలితమొక్కటే. గాలి మనపైకి వచ్చినను, మనమే గాలిలోనికి దూసికొని పోయినను భేదము లేదు. ఆకు కదలని వేకువయందు కూడ గంటకు 50 కిలోమీటర్ల వేగమున పోవు మోటారు సైకిలుపై కూర్చున్నవానికి 50 కిలోమీటర్ల ఎదురుగాలి తగులుచుండును.

ఈ సంగతిని మొట్టమొదట లెక్కకు తెచ్చినవారు దక్షిణ ధ్రువ ప్రాంతమునకు పోయిన పాల్ సైపిల్, చార్లెస్ పాసెల్ అను అమెరికా దేశీయులు. వారు నీరు నింపిన చిన్న గొట్టమును ఆరుబయట వ్రేలాడగట్టి, గాలి వేగమును బట్టి ఆ నీరు ఎంత త్వరగ గడ్డకట్టునో పరిశీలించి, 1945లో ఫలితములను ప్రకటించిరి. వారి లెక్కను సవరించి 2001లో అమెరికా, కెనడా దేశముల వాతావరణ శాఖలు కొత్త సూత్రమును అమలులోనికి తెచ్చెను. ఆ సూత్రము చొప్పున గాలిలో 10 డిగ్రీలున్నప్పుడు, 30 కిలోమీటర్ల గాలి తగిలినచో, మూయని ముఖమునకు సుమారు ఆరున్నర డిగ్రీల చలివలె తోచును. 50 కిలోమీటర్ల గాలి తగిలినచో సుమారు అయిదున్నర డిగ్రీలవలె తోచును.

మన మైదానమున చలి సాధారణముగ అంత దూరము పోదు. ఆ సూత్రము 10 డిగ్రీలు, అంతకు లోపలి చలికొరకే నిర్మింపబడినది. అయినను గాలి మన వేడిని హరించు విధానము అన్నిచోట్ల ఒక్కటియే. కొండ యెక్కినచో చలి ఇంకను హెచ్చును. సముద్రమట్టమునకు సుమారు 1,100 మీటర్ల ఎత్తుననున్న ఏలగిరి పైకి 14 మలుపులు తిరిగి పోవువారు క్రింది మైదానము కంటె నాలుగైదు డిగ్రీలు తక్కువ వేడిమి గల గాలిలోనికి ప్రవేశించుచున్నారు. ఎత్తు 1,000 మీటర్లు పెరిగిన సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుట గాలి స్వభావము. ఆంధ్రదేశమున అల్లూరి సీతారామరాజు జిల్లాలోని లంబసింగికి నర్సీపట్నము వైపునుండి వేకువజామున మోటారు సైకిళ్లపై పోవు యువకులు ఈ సంగతిని బాగుగ ఎరుగుదురు. అక్కడ కొన్ని ఉదయములలో వేడిమి సున్నకు చేరువగ దిగును. క్రింద పలుచని చొక్కాతో బయలుదేరినవాడు పైకి చేరునప్పటికి చేతులు కొంకర్లు పోయి, బ్రేకు పట్టుటకే తడబడును.

ఇంటిలో బిడ్డలకు దీనిని సులభముగ చూపవచ్చును. ఒకే పరిమాణము గల రెండు గ్లాసులలో ఒకే వేడిగల నీరు పోయుడు. ఒకదానిని తిరుగుచున్న పంఖా యెదుట నుంచుడు. రెండవదానిని గాలి తగులని మూల నుంచుడు. పావుగంట తరువాత రెంటిని ముట్టి చూడుమని బిడ్డతో చెప్పుడు. బండి మీద ముందు కూర్చున్నవాడు మొదటి గ్లాసు, వెనుక కూర్చున్నవాడు రెండవ గ్లాసు అని వాడే గ్రహించును.

పైన చెప్పిన లెక్కలో గమనింపదగినది మరియొకటి కలదు. వేగము 50 నుండి 30కి తగ్గించినను ముఖమునకు తోచు చలి ఒక్క డిగ్రీ మాత్రమే తగ్గినది. అనగా మెల్లగ పోయినంత మాత్రమున చలి తీరదు. గాలిని ఆపు బట్టయే చలికి మందు. మెల్లగ పోవుట మరియొక కారణముచేత అవసరము. దానిని ముందు చెప్పెదము.

చేతులకు కలుగు కీడు

చలి సోకినప్పుడు శరీరము ఒక యుక్తి చేయును. గుండె, ఊపిరితిత్తులు, మెదడు మొదలగు ముఖ్యావయవములను వెచ్చగ నుంచుటకై చేతులు, కాళ్లు, చెవులకు పోవు సన్నని రక్తనాళములను సంకోచింపజేయును. ఇల్లు కాపాడుకొనుటకు వాకిలి వేసికొనుట వంటిది. అప్పుడు వ్రేళ్లకు వేడి రక్తము చాలినంత అందదు. చల్లబడిన నరములలో వార్త మెల్లగ నడచును, వ్రేళ్లు బిగుసుకొనును, స్పర్శ మందగించును.

ఇంటి అరుగుమీద కూర్చున్నవానికి ఇది కొద్దిపాటి బాధ మాత్రమే. మోటారు సైకిలు నడుపువానికి అట్లు కాదు. ముందు బ్రేకు, క్లచ్చి, యాక్సిలరేటరు, హారను, దీపపు మీట, అన్నియు వ్రేళ్ల పనులే. గంటకు 50 కిలోమీటర్ల వేగమున బండి క్షణమునకు దాదాపు 14 మీటర్లు పోవును. కొంకర్లు పోయిన వ్రేళ్లు బ్రేకు పట్టుటకు అరక్షణము ఆలస్యము చేసినను బండి ఏడు మీటర్లు అధికముగ ముందుకు పోయియుండును. దారికి అడ్డముగ వచ్చిన ఆవుదూడకును మనకును నడుమ ఉండునది ఒక్కొక్కప్పుడు ఆ ఏడు మీటర్లే.

బిడ్డల సంగతి ఇంకను సున్నితమైనది. వారి బరువుతో పోల్చినచో వారి ఒంటి వైశాల్యము పెద్దలకంటె ఎక్కువ. అందుచేత వారు త్వరగ చల్లబడుదురు. చల్లబడిన బిడ్డ గోల చేయునని మనమనుకొందుము. తరచుగ బిడ్డ గోల చేయడు. ముడుచుకొని, మాటాడక, నిద్రవచ్చినట్లు తూగును. వెచ్చని ఒడిలో హాయిగ నిద్రించుచున్నాడని తండ్రి సంతోషించును. బండి మీద బిడ్డ మౌనమును నమ్మరాదు. ఒకమారు బండి ఆపి వ్రేళ్లు, చెవులు ముట్టి చూడవలెను.

మన సీమకు పొగమంచు ఏల వచ్చును?

నాట్రంపల్లి 2019 వరకు వేలూరు జిల్లాలోనిది. ఇప్పుడు తిరుపత్తూరు జిల్లాలోనిది. జిల్లా మారినను కొండలు మారవు. ఒకవైపు ఏలగిరి, ఆవల జవ్వాది కొండలు, ఉత్తరమున ఆంధ్రదేశపు సరిహద్దు కొండలు. నడుమ పల్లపు నేల, పాలారు, చెరువులు, తోటలు. అక్టోబరు నుండి డిసెంబరు వరకు వీచు ఈశాన్య ఋతుపవనముల వలన నేల తడిసి, చెరువులు నిండి, గాలిలో తేమ హెచ్చియుండును. వానలు వెనుకపట్టిన పిమ్మట రాత్రులు మబ్బులేక నిర్మలముగ నుండును. మబ్బు లేనందున నేలలోని వేడి ఆకాశమునకు తేలికగ పోవును. చల్లబడిన గాలి బరువెక్కి, కొండవాలుల వెంబడి నీటివలె జారి, పల్లములలో నిలుచును. దానిలోని తేమ సన్నని నీటి తుంపరలుగ మారును. అదియే పొగమంచు. అందుచేతనే చెరువు కట్టల ప్రక్కన, వాగుల వంతెనల వద్ద, పల్లపు మలుపులలో మంచు దట్టముగ నుండి, మెరక యెక్కగానే పలుచబడును. నిత్యము పోవు దారిలో ఈ పల్లములు ఎక్కడెక్కడ కలవో గుర్తుంచుకొనుట మంచిది.

దృష్టి 50 మీటర్లకు మించి పోనిదానిని అతి దట్టమైన పొగమంచు అనియు, 50 నుండి 200 మీటర్ల వరకు పోవుదానిని దట్టమైన పొగమంచు అనియు మన దేశపు వాతావరణ శాఖ వ్యవహరించుచున్నది. మెల్లగ పోవలెనని చెప్పిన కారణము ఇక్కడ తెలియును. ప్రమాదమును చూచి, గ్రహించి, బ్రేకు పట్టుటకు ఒకటిన్నర క్షణము పట్టునని అనుకొందము. తడిసిన దారిపై జాగ్రత్తగ బ్రేకు వేసినచో బండి నిలుచుటకు మరికొంత దూరము కావలెను. లెక్క వేసి చూడగా, 50 కిలోమీటర్ల వేగమున పోవు బండి నిలుచుటకు మొత్తము సుమారు 40 మీటర్లు పట్టును. 40 కిలోమీటర్ల వేగమునకు సుమారు 29 మీటర్లు. 30 కిలోమీటర్ల వేగమునకు సుమారు 19 మీటర్లు. కంటికి 30 మీటర్లు మాత్రమే కనబడుచుండగా 50 కిలోమీటర్ల వేగమున పోవుట, కన్నులు మూసికొని చివరి 10 మీటర్లు పోవుటతో సమానము. కనబడు దూరములోపల నిలుపగలిగినంత వేగముననే పోవలెను. మంచులో ప్రయాణమునకు ఇంతకు మించిన సూత్రము లేదు.

దీపమును గూర్చి ఒక మాట. మంచు దట్టమైనప్పుడు దీపమును బ్రైటులో నుంచినచో తుంపరలపై వెలుగు పడి కన్నులలోనికే తిరిగి వచ్చి, ఎదుట తెల్లని గోడ నిలిచినట్లగును. డిమ్ములో నుంచినచో వెలుగు నేలమీద పడి దారి అంచు తెలియును. ముందు పోవు లారీ వెనుక దీపమును పట్టుకొని దాని వెంటనే పోవుట కొందరికి అలవాటు. లారీ ఆగినది మనకు తెలియునప్పటికి ఆలస్యమగును. పైగా వెనుక దీపము లేని ట్రాక్టర్లు, ఎడ్లబండ్లు దారిప్రక్కన నిలిచియుండుట మన కనుభవమే. పల్లెదారి నుండి రహదారిలోనికి ప్రవేశించుచోట ఒక పాదము నేలమీద నుంచి, ఇంజను శబ్దమును తగ్గించి, చెవితో కూడ వినవలెను. భోగినాటి వేకువలో మంచుకు పొగ తోడగును. ఆనాడు పని లేనిదే తెల్లవారకముందు బయలుదేరకుండుట మేలు.

బట్టలు

ఉన్ని స్వెట్టరు చలికాలపు వస్త్రమని మనకు నమ్మకము. ఇంటిలో అది నిజమే. ఉన్ని పోగుల నడుమ చిక్కుకొనిన గాలియే వెచ్చదనమునకు కారణము. కాని బండిమీద ఎదురుగాలి ఆ అల్లిక సందులగుండ దూరి, లోపలి వెచ్చని గాలిని తరిమివేయును. కాబట్టి స్వెట్టరు లోపల, గాలి చొరని వస్త్రము పైన ఉండవలెను. పైన తొడుగునది ఖరీదైనది కానక్కరలేదు, వానకోటు చాలును. పలుచని చొక్కాలు రెండు, వానిపై స్వెట్టరు, దానిపై వానకోటు ధరించిన బిడ్డ, లావుపాటి స్వెట్టరొక్కటియే తొడిగిన బిడ్డకంటె వెచ్చగ నుండును.

గాలిని ఆపు వస్తువులలో తోలును మించినది తక్కువ. ఆ తోలునకు మనము దూరదేశములు పోనక్కరలేదు. వాణియంబాడి, ఆంబూరు, పేర్ణాంబట్టు తోళ్ల పరిశ్రమకు పేరు పొందిన ఊళ్లు. ఇక్కడి తోలు, తోలు వస్తువులు చలిదేశములకు ఎగుమతి యగుచుండగా, వాని ప్రక్కనే కాపురముండి మనము వట్టి చేతులతో బండి నడుపుచున్నాము. బండి నడుపువారు చేతికి తొడుగులు తప్పక ధరింపవలెను. అవి వ్రేళ్లు సులభముగ మడచునట్లు ఉండవలెను. బిగుతుగనున్న తొడుగు రక్తమును అడ్డగించి చలిని ఇంకను పెంచును. బిడ్డకు చేతి తొడుగులు లేనిచో పాత మేజోళ్లనైనను చేతులకు తొడుగుడు. చూచువారు నవ్వవచ్చును, బిడ్డ పెన్సిలు పట్టుకొనగలడు.

పాత కాలపు సైకిలు, మోటారు సైకిలు వాండ్రు చేసిన ఉపాయమొకటి కలదు. వార్తాపత్రికను మడచి చొక్కాకును స్వెట్టరుకును నడుమ రొమ్ముపై నుంచుకొనెడివారు. కాగితము గాలిని ఆపును. మడతల నడుమ నిలిచిన గాలి వెచ్చదనమును కాపాడును. చదివి పారవేయు పత్రిక ఇట్లు రెండవమారు ఉపయోగపడును.

ధనుర్మాసమున తెల్లవారుజామున తలంటి పోసి, తడియారని జుట్టుతోనే బిడ్డలను బండి ఎక్కించుట మన ఇండ్లలో పరిపాటి. ఇది మంచిది కాదు. నీరు నిలిచిన గాలికంటె ఇరువది రెట్లకు పైగ త్వరగ వేడిని కొనిపోవును. పైగా గాలికి ఆరునప్పుడు ఒంటి వేడిని గుంజుకొనును. తలంటి సెలవుదినమునకు వాయిదా వేయుడు; కాదేని జుట్టు పూర్తిగ ఆరిన పిమ్మట బయలుదేరుడు. మెడకు చుట్టిన మఫ్లరు, ఆడపిల్లల దుపట్టా, తల్లుల చీర చెంగు గాలికి ఎగిరి చక్రములో చిక్కుకొనకుండ లోపలికి దోపుకొనవలెను.

హెల్మెట్టు తలను కాపాడుటే కాక చెవులను, నుదుటిని చలినుండి కాచును. దాని అద్దము లోపల ఊపిరి ఆవిరి కట్టి మసకబారుచుండును. అద్దమును కొద్దిగ ఎత్తి యుంచినచో ఆవిరి పోవును. ముందునాటి రాత్రి లోపలివైపున సబ్బునీటిని పలుచగ పూసి, మెత్తని బట్టతో తుడిచి ఆరబెట్టినను ఉపయోగముండును.

బిడ్డ ఎక్కడ కూర్చుండవలెను?

ఇదియే ఈ వ్యాసమునకు ముఖ్యమైన ప్రశ్న. ముందు టాంకుపై కూర్చున్న బిడ్డకు గాలి అంతయు తగులును. హ్యాండిలు త్రిప్పుటకు అడ్డమగును. బండి హఠాత్తుగ ఆగినచో బిడ్డకును ఇనుమునకును నడుమ ఏమియు లేదు. వెనుక కూర్చున్న బిడ్డకు తండ్రి వీపే గోడ. పట్టుకొని కూర్చుండగల బిడ్డను వెనుకనే కూర్చుండబెట్టవలెను. పాదములు ఫుట్‌రెస్టుపై ఆనవలెను. తండ్రి నడుమును రెండు చేతులతో పట్టుకొనవలెను.

చట్టమును ఈ మార్గముననే నడచుచున్నది. 1988 నాటి మోటారు వాహనముల చట్టమునకు 2019లో చేయబడిన సవరణ ప్రకారము నాలుగేండ్లు దాటిన ప్రతివారును మోటారు సైకిలుపై హెల్మెట్టు ధరింపవలెను. నాలుగేండ్ల లోపు బిడ్డలకొరకు 2022 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వము నియమములను ప్రకటించెను. అవి మరుసటి సంవత్సరము ఫిబ్రవరి నుండి అమలునకు వచ్చెను. వాని ప్రకారము అట్టి బిడ్డను నడుపువానితో కలిపి పట్టీలతో బంధింపవలెను. తొమ్మిది నెలలు నిండిన బిడ్డకు తలకు తగిన హెల్మెట్టు పెట్టవలెను. వేగము గంటకు 40 కిలోమీటర్లు మించరాదు. నడుపువాడు గాక బండిపై ఒక్కరే కూర్చుండవలెనని చట్టము. అన్న ముందు, చెల్లి వెనుక, వారి నడుమ సంచులు, ఇట్టి ప్రయాణము ఏ కాలముననైనను అపాయకరమే. చలిలోను మంచులోను రెట్టింపు అపాయకరము. ఇరుగుపొరుగు వారు వంతులు వేసికొని బిడ్డలను తెచ్చినను, పెద్దబిడ్డను బస్సున పంపినను ఈ కష్టము కొంత తీరును.

బండి సంగతి

చలికి గాలి ముడుచుకొనును. మండుటెండలో 35 డిగ్రీల వేడిమియందు టైరులో 28 పౌండ్ల గాలి పట్టించినచో, 15 డిగ్రీల వేకువలో అది 25 పౌండ్లకు దిగును. టైరులో రంధ్రమేమియు లేకయే ఇది జరుగును. కాబట్టి శీతకాలమున పదిదినముల కొకమారైనను ఉదయపు చల్లదనమున గాలి చూపించుట మంచిది. గాలి తగ్గిన టైరు మలుపులలో బండిని సరిగ నిలువనీయదు.

చలికి ఇంజను నూనె చిక్కబడును. బ్యాటరీ శక్తి తగ్గును. పెట్రోలు త్వరగ ఆవిరి కాదు. కార్బురేటరు గల పాత బండ్లకు చోకు లాగి, రెండుమూడు మారులు కిక్కు కొట్టి, ఇంజను అందుకొనిన పిమ్మట చోకు మూయవలెను. 2020 ఏప్రిలు నుండి అమలైన బీ.ఎస్.-6 నియమముల తరువాత వచ్చిన బండ్లలో చాలవరకు చోకు అవసరము లేదు. ఇంధనము కొలత ప్రకారము తనంతట అందును. ఏ బండియైనను చలికి లేవలేదని ఇంటి లోపల, తలుపులు మూసి, ఇంజను నడుపరాదు. దాని పొగలోని కార్బన్ మోనాక్సైడు వాసన లేని విషము. బండిని వాకిట నిలిపియే స్టార్టు చేయవలెను.

ఎనిమిది నిమిషములు

ఇంత చెప్పిన పిమ్మట ఒక చిన్న లెక్కతో ముగించెదము. ఇంటినుండి బడికి 10 కిలోమీటర్ల దూరమనుకొందము. గంటకు 50 కిలోమీటర్ల వేగమున 12 నిమిషములలో చేరుదుము. 30 కిలోమీటర్ల వేగమున 20 నిమిషములు పట్టును. భేదము ఎనిమిది నిమిషములు. మంచులో తొందరపడి మనము సంపాదించునది ఆ ఎనిమిది నిమిషములే. వానికై పణముగ నొడ్డునది మాత్రము మన బిడ్డను. ఆ ఎనిమిది నిమిషములును ముందుగ లేచినచో ఉచితముగ లభించును. మంచు మరీ దట్టముగనున్న దినమున ఆలస్యముగ బయలుదేరుటయే వివేకము. బిడ్డ క్షేమముగ వచ్చుటకంటె గంటకొట్టువేళకు వచ్చుట మాకు ముఖ్యము కాదని తలిదండ్రులు నమ్మవలెను.

చలికి బట్ట, మంచుకు మందగతి, బిడ్డకు వెనుక చోటు. ఈ మూడు మాటలు జ్ఞాపకముంచుకొనిన చాలును.

మొదట చెప్పిన బాలుని తండ్రి మరునాడు వానిని వెనుక కూర్చుండబెట్టుకొని వచ్చెను. బిడ్డ చేతులకు నల్లని మేజోళ్లు తొడిగియుండెను. ద్వారము వద్ద దిగిన వెంటనే ఆ చేతులు చాపి మాకు చూపి నవ్వెను. తండ్రి మాత్రము చేతులు రాపాడుకొనుచు, “నిజమే అయ్యవారూ, ఈ దినము నాకు చలి తెలిసినది” అనెను. ఆ మాట విని మేము సంతోషించితిమి. తండ్రికి చలి తెలిసినదనగా, బిడ్డకు తప్పినదని అర్థము.